ఆడుతూ చదువుకునే పిల్లల మనసు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్పోర్ట్స్ స్కూళ్లలో, అకాడమీల్లో, కాలేజీ జట్లలో ఉన్న పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, పీఈటీ సార్లూ పదే పదే అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. పిల్లలకు ‘నువ్వు’ అనే జవాబిచ్చాను, పెద్దవాళ్లకు ‘మీరు’ అని. వరసగా చదవక్కర్లేదు, నీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం కింది మొదటి ప్రశ్న వదలొద్దు.

చచ్చిపోతే బాగుండు అనిపిస్తోంది. ఎవరికి చెప్పాలి?

ఇప్పుడే, ఇది పూర్తిగా చదవకముందే, పక్కనున్న మనిషికి చెప్పు. రూమ్‌మేట్ అయినా సరే, వాచ్‌మన్ అయినా సరే. గదిలో ఒంటరిగా ఉండకు. 14416కి ఫోన్ చెయ్యి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆగే పరిస్థితి లేదనిపిస్తే 112కి చెయ్యి, లేదా ఎవరినైనా తోడు తీసుకుని దగ్గర్లోని ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లు. 18 ఏళ్లలోపు పిల్లలకు చైల్డ్‌లైన్ నంబర్ 1098 కూడా ఉంది. ఫోన్లు వార్డెన్ దగ్గర ఉండే హాస్టలైతే, అసలు విషయం చెప్పడానికి నోరు రాకపోయినా, ‘ఇంటికి అర్జెంటుగా మాట్లాడాలి’ అని అడిగితే చాలు.

నీ ఫ్రెండ్ ఇలాంటి మాట నీతో చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంటే, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. వెంటనే ఒక పెద్దమనిషికి చెప్పు. వాళ్లు వచ్చేదాకా ఫ్రెండ్ దగ్గరే కూర్చో.

పోలీసు కేసు అవుతుందని భయపడి దాచేవాళ్లున్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క. ఆ మనిషిని శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది.

మీట్ (పోటీ) ముందు గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. నాకేమైనా జబ్బా?

కాదు. రేసుకి ముందు పోటీదార్లను కూర్చోబెట్టే కాల్ రూమ్‌లో ఏ ఎనిమిది మందిని చూసినా ఇదే కథ. నంబర్ అంటించుకున్న దగ్గర్నుంచి ఒకడు స్పైక్స్ లేసులు విప్పి మళ్లీ కడుతుంటాడు, ఒకమ్మాయికి నీళ్లు తాగుతున్నా గొంతు ఆరిపోతుంటుంది, ఇంకొకడు అప్పటికి మూడోసారి బాత్రూమ్‌కి పర్మిషన్ అడుగుతుంటాడు. అడ్రినలిన్ పని అది. ఒంటిని పరుగుకి సిద్ధం చేస్తోంది.

పిస్టల్ పేలాక ఆ దడ ఆటలో కలిసిపోతే దాన్ని పట్టించుకోవద్దు. వారం ముందు నుంచే నిద్ర పట్టకపోవడం, వాంతులు, కాలు నొప్పి అని అబద్ధం చెప్పి మీట్ ఎగ్గొట్టడం వంటివి మొదలైతే మాత్రం ఎవరితోనైనా మాట్లాడాల్సిందే. ఊపిరితో కొంత అదుపు చేయొచ్చు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చు, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదులు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. మీట్ రోజే మొదటిసారి చేస్తే పనిచేయదు. రోజూ కూల్‌డౌన్ తర్వాత ఐదు నిమిషాలు చేసి అలవాటు పడాలి.

ప్రాక్టీస్‌లో అందరికంటే ముందుంటా, మీట్‌లో చేతులెత్తేస్తా. ఎందుకు?

వేల సార్లు చేసిన పనిని ఒళ్లు దానంతటదే చేస్తుంది. భయం వేసినప్పుడు మనం ఆ పనిలో వేలుపెట్టి, మోచెయ్యి ఎక్కడుంది, పాదం ఎలా పడుతోంది అని ఒక్కొక్కటీ చూసుకోవడం మొదలుపెడతాం. అక్కడే లయ తప్పుతుంది. అందుకని ఒంటి మీద నుంచి దృష్టి తీసి బయట ఒక్క చోట పెట్టడం నేర్పుతారు. షటిల్ వచ్చే దారి, టార్గెట్ మధ్య చుక్క, లేన్ చివర గీత, ఏదైనా సరే. ప్రాక్టీస్‌లో కూడా వారానికోసారి మీట్ వాతావరణం పెట్టమని కోచ్‌ని అడుగు. స్కోర్ రాయాలి, పక్కన జనం ఉండాలి, ఒక్కటే ఛాన్స్ ఉండాలి.

ఫైనల్స్ అనగానే పీవీ సింధు గుర్తొస్తుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం, 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలోనూ రజతమే. ఫైనల్ వస్తే ఓడిపోతుందని మన ఇళ్లలోనే టీవీ ముందు కూర్చుని అన్నారు. 2017లో గంటా 50 నిమిషాలు పోరాడి ఓడింది జపాన్ క్రీడాకారిణి ఒకుహరా చేతిలో. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరాని 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది.

మామూలు దిగులుకీ డిప్రెషన్‌కీ తేడా ఎలా తెలుస్తుంది?

డాక్టర్లు రెండు వారాల లెక్క చూస్తారు. రోజులో ఎక్కువ సేపు దిగులుగా ఉండటం, లేదా ఇదివరకు ఇష్టంగా చేసిన దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే, దాంతోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే డాక్టర్‌ని కలవాలి. ఓడిన రాత్రి ఏడవడం డిప్రెషన్ కాదు. గెలిచిన రోజు కూడా ఏమీ అనిపించకపోతే ఆలోచించాలి.

ఆటగాళ్లలో ఇది వేరే వేషంలో వస్తుంది. టైమింగ్ కారణం లేకుండా పడిపోతుంది. చిన్న గాయాలు తగ్గవు. మగపిల్లలైతే ఏడవరు, మెస్‌లో కంచం విసిరేస్తారు. అప్పుడు ‘పొగరెక్కింది’ అని పనిష్‌మెంట్ రౌండ్లు వేయిస్తారు.

ఇంకో సంగతి. రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ తేడా చేసినా, రెస్ట్ లేకుండా ప్రాక్టీస్ ఎక్కువైనా అచ్చం ఇవే లక్షణాలుంటాయి. కాబట్టి ముందు హిమోగ్లోబిన్, ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం.

కోచ్ సార్‌కి చెబితే టీమ్‌లోంచి తీసేస్తారేమో?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఉత్త భయమని కొట్టిపారేయను. హాస్టల్లో ఉండే పిల్లాడికి మంచం, మెస్‌లో రెండో గుడ్డు, స్కూల్ సీటు, ఊళ్లో నాన్న పరువు అన్నీ ఆ టైమింగ్ మీదే నడుస్తాయి. ఆ టైమింగ్ రాసుకునే మనిషే కోచ్. సెలక్షన్ లిస్టు రాసే చేతికి ‘నాకు మనసు బాగాలేదు’ అని చెప్పమంటే ఏ పిల్లాడైనా ఎందుకు చెబుతాడు?

అందుకే మొదట వెతుక్కోవాల్సింది సెలక్షన్‌తో సంబంధం లేని ఒక్క మనిషిని. వాళ్లు నిపుణులు కానక్కర్లేదు. ఫిజియో కావచ్చు, తెలుగు టీచర్ కావచ్చు, వేరే ఈవెంట్‌లో ఉన్న సీనియర్ అక్క కావచ్చు, మేనమామ కావచ్చు. చాలామంది మర్చిపోయే మనిషి ఒకరున్నారు. నిన్ను మొదట గ్రౌండ్‌కి తీసుకొచ్చిన మీ ఊరి పీఈటీ సార్. నీ ఆట ఆయనకి తెలుసు, నీ ఇల్లు తెలుసు, నిన్ను లిస్టులోంచి తీసే అధికారం మాత్రం ఆయనకి లేదు.

మొదటి మాట ఎలా అనాలో తెలియక నెలలు గడిపేస్తారు. పెద్ద వివరణ అక్కర్లేదు. ‘సార్, కొన్నాళ్ల నుంచి ఏదీ బాగా అనిపించట్లేదు, మీతో పది నిమిషాలు మాట్లాడాలి’ అను. ఎదుటివాళ్లు ‘ఏం కాదులే, ధైర్యంగా ఉండు’ అని తేల్చేస్తే వాళ్లకి ఏం చెయ్యాలో తెలియలేదని అర్థం. ఇంకొకరిని చూసుకో.

ఆ తర్వాత, ఆ మనిషి తోడుగా కోచ్ దగ్గరికి వెళ్లు. కోచ్‌కి నీ మనసంతా విప్పి చెప్పాల్సిన పనిలేదు, ప్రాక్టీస్‌కి సంబంధించినంత వరకే చెప్పు. ‘సార్, మూడు వారాలుగా నిద్ర పట్టట్లేదు. డాక్టర్‌కి చూపించుకుంటున్నా. మంగళవారం సాయంత్రం రాలేను, ప్రాక్టీస్ లోడ్ కొంచెం తగ్గించండి.’ నిద్ర, లోడ్, రెస్ట్ కోచ్‌లకు రోజూ పనికొచ్చే మాటలు. సెలక్షన్స్ వారంలోనూ, అందరి ముందూ ఎత్తొద్దు. ప్రాక్టీస్ అయ్యాక కోన్లు, హర్డిల్స్ సర్దే టైమ్ మంచిది. ఇద్దరి చేతుల్లో పని ఉంటుంది, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు.

మేనేజ్‌మెంట్ల గురించి ఒక మాట. కౌన్సెలర్‌ని పెట్టామని చెప్పుకుంటారు, ఆ కౌన్సెలర్ రాసిన రిపోర్టు మాత్రం చీఫ్ కోచ్ టేబుల్ మీదికి వెళుతుంది. ఆ సంగతి తెలిసిన మర్నాటి నుంచి ఏ పిల్లా ఆ గది వైపు చూడదు. వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో అమ్మానాన్నలకు తెలియజేస్తారు గానీ, కోచ్ ఆ లెక్కలోకి రాడు.

సైకాలజిస్ట్, సైకియాట్రిస్ట్, స్పోర్ట్స్ సైకాలజిస్ట్: ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఖర్చెంత?

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో వైద్యం చేస్తారు, మందులు రాయరు. వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగొచ్చు, అడిగినా తప్పుగా అనుకోరు. స్పోర్ట్స్ సైకాలజిస్ట్ ఆటలో ఏకాగ్రత, టెన్షన్ వంటివి చూస్తారు. ఒకే క్లాస్‌లో మైండ్ పవర్ వచ్చేస్తుందని వేలకు వేలు అడిగేవాళ్లు ఈ ముగ్గురిలో ఎవరూ కాదు.

డబ్బులు లేకపోతే టెలీ మానస్ నంబర్ 14416తోనే మొదలుపెట్టు. ప్రభుత్వ టీచింగ్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ అనగానే నవ్వే జనం ఉన్నారు, తెలుసు. అక్కడ ఓపీ చీటీ తీసుకుని లైన్‌లో కూర్చునేవాళ్లలో నీలాంటి విద్యార్థులూ, ఉద్యోగస్తులూ, తల్లులూ ఉంటారు. చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు.

మందులు వాడితే డోప్ టెస్టులో దొరికిపోతానా?

ఈ భయంతో మంచి మందులు మధ్యలో ఆపేసినవాళ్లున్నారు, కాబట్టి వివరంగా చెప్పాలి. డిప్రెషన్‌కి సాధారణంగా రాసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ వంటివి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధిత జాబితాలో లేవు. ఇవి వాడుతూ ఆడొచ్చు.

జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. ఒకటి ప్రొప్రనొలాల్. గుండె దడ, చేతుల వణుకు తగ్గడానికి డాక్టర్లు మామూలుగా రాసేస్తారు. ఇది బీటా బ్లాకర్. ఆర్చరీ, షూటింగ్ ఆడేవాళ్లకు అన్నివేళలా నిషేధం, మీట్ లేని రోజుల్లో కూడా. గోల్ఫ్, బిలియర్డ్స్ వంటి మరికొన్ని ఆటల్లో పోటీ సమయంలో నిషేధం. విల్లు పట్టుకునే చెయ్యి వణక్కుండా చేస్తుంది కాబట్టే ఆ నిషేధం. రెండోది ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకి) ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్. ఇది ఉత్ప్రేరకం కాబట్టి ఏ ఆటలోనైనా పోటీ సమయంలో నిషేధమే. నిజంగా అవసరమైతే టీయూఈ అనే మినహాయింపు కోసం మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ నాడాకి దరఖాస్తు చేసుకోవాలి, పోటీకి కనీసం 30 రోజుల ముందు.

డాక్టర్ గదిలోకి వెళ్లగానే ‘నేను ఫలానా ఆట ఆడతా, డోప్ టెస్ట్ ఉంటుంది’ అని చెప్పు. చీటీ ఫొటో తీసి దాచుకో. నిషేధిత జాబితా ఏటా జనవరి 1న మారుతుంది, పాత జాబితా చూసి ధీమాగా ఉండొద్దు. నిజానికి వీటికంటే జిమ్ అన్న ఇచ్చే పేరులేని డబ్బా పౌడర్‌తోనే ప్రమాదం ఎక్కువ. ఇంకొకటి, డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలోనే తేడా తెలియలేదని ఆపేయకు. వేసుకున్నాక మనసు ఇంకా అల్లకల్లోలంగా అనిపిస్తే మాత్రం అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చెయ్యి.

మోకాలు ఆపరేషన్ అయింది. ఆట లేకపోతే నేనెవరో నాకే అర్థం కావట్లేదు.

ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) ఆపరేషన్ తర్వాత మళ్లీ పోటీల్లోకి రావడానికి 9 నెలలైనా పడుతుంది. కాలికి ఫిజియో షెడ్యూల్ ఉంటుంది గానీ మిగతా రోజంతా ఖాళీ. గ్రూపులో ప్రాక్టీస్ ఫొటోలు వస్తుంటాయి, నువ్వు మంచం మీద కాలు ఎత్తిపెట్టుకుని ఉంటావు. గాయం కంటే జట్టుకి దూరం కావడమే ఎక్కువ బాధపెడుతుంది.

కాబట్టి నడవగలిగిన రోజు నుంచి గ్రౌండ్‌కి వెళ్లడానికి పర్మిషన్ అడుగు. స్కోర్ రాయి, వీడియో తియ్యి, జూనియర్లకు స్టార్ట్ చూపించు. అక్కడ చూస్తే ఏడుపొస్తోంది అంటే కొన్నాళ్లు వెళ్లకపోయినా తప్పులేదు. కాలు నయమయ్యాక కూడా మళ్లీ దూకడానికి భయం వేస్తుంది. ఫిజియోకి చెబితే ఆ భయానికి తగ్గట్టు ఎక్సర్‌సైజులు మార్చి ఇస్తారు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కి 2017లో భుజం గాయమై ఆపరేషన్ జరిగింది, చాలా కాలం రింగ్‌కి దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. మధ్యలో ఐదేళ్లు ఉన్నాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి.

బరువు తగ్గమంటున్నారు. తింటే తప్పు చేసినట్టు అనిపిస్తోంది.

రెజ్లింగ్, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్, జూడోల్లో వేయింగ్ ముందు రెండు రోజులు నీళ్లు మానేసి, స్వెటర్ వేసుకుని పరుగెత్తించడం మన దగ్గర మామూలైపోయింది. పెరిగే వయసు పిల్లలతో ఈ పని చేయించకూడదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫొగాట్ 100 గ్రాములు ఎక్కువ ఉందని ఫైనల్‌కి ముందు అనర్హురాలైంది. అంతటి అనుభవం, అంతమంది సిబ్బంది ఉన్న మనిషికే ఒళ్లు మాట వినలేదు.

చాటుగా తినడం, తిన్నది కక్కేయడం, రోజుకి ఐదారు సార్లు బరువు చూసుకోవడం, ఆడపిల్లలకు 3 నెలలుగా నెలసరి రాకపోవడం, వీటిలో ఏది ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ‘నెలసరి ఆగితే ట్రైనింగ్ బాగా జరుగుతున్నట్టు’ అని సీనియర్లు చెప్పే మాట పచ్చి అబద్ధం. తిండి చాలక ఎముకలు బలహీనమవుతున్నాయని దానర్థం.

ఇంటర్ పరీక్షలు, నేషనల్స్ ఒకేసారి మీద పడ్డాయి. ఏం చెయ్యను?

రెండూ వంద శాతం అనుకుంటే రెండూ పోతాయి. ఏడాది మొదట్లోనే మీట్ల క్యాలెండర్, పరీక్షల టైమ్‌టేబుల్ పక్కపక్కన పెట్టి ఎక్కడ గుద్దుకుంటున్నాయో చూడాలి. ర్యాంకుల కాలేజీలో ఎంపీసీ తీసుకుని రోజుకి రెండుపూటలా ప్రాక్టీస్ చేయడం చాలామందికి కుదరదు. గ్రూప్ మార్చుకోవడం చిన్నతనం కాదు. రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ఉంది. సీబీఎస్ఈలో జాతీయ, అంతర్జాతీయ పోటీలకు వెళ్లే పిల్లలకు వేరే తేదీన పరీక్ష పెట్టే వీలుంది, స్కూల్ ద్వారా ముందే దరఖాస్తు చేయాలి. నిద్ర మాత్రం తగ్గించొద్దు. నీ వయసుకి 8 నుంచి 10 గంటలు కావాలి.

పెద్ద ఆటగాళ్లకి కూడా ఇలా ఉంటుందా?

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన షూటర్ అభినవ్ బింద్రా, గెలిచిన తర్వాతే తనకి మనసు బాగా దెబ్బతిన్నదని చెప్పుకున్నాడు. 2014 ఇంగ్లండ్ పర్యటనలో పది ఇన్నింగ్స్‌లో 134 పరుగులే చేసిన కోహ్లి, అప్పుడు డిప్రెషన్‌లాంటి స్థితిలో ఉన్నానని తర్వాత ఒప్పుకున్నాడు. టోక్యో ఒలింపిక్స్‌లో గాలిలో ఒంటి మీద పట్టు తప్పుతోందని అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ మధ్యలో తప్పుకుంది, పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. చెన్నైలో పుట్టిన మన తెలుగు కుటుంబం కుర్రాడు గుకేశ్ 2024లో ప్రపంచ చెస్ టైటిల్ పోరుకి మానసిక శిక్షకుడు ప్యాడీ అప్టన్ సాయం తీసుకున్నాడు. మొదటి గేమ్ ఓడిపోయి కూడా 18 ఏళ్లకే ఛాంపియన్ అయ్యాడు.

వాళ్లందరి వెనకా డబ్బూ, మనుషులూ ఉన్నారు, నిజమే. నీకు అంత అక్కర్లేదు. సెలక్షన్‌తో సంబంధం లేని ఆ ఒక్క మనిషి ఉంటే మొదలుపెట్టొచ్చు.

కోచ్ తప్పుగా తాకుతున్నాడు, రాత్రిళ్లు మెసేజ్‌లు పెడుతున్నాడు.

ఇది నేరం, నీ తప్పు ఏమాత్రం లేదు. 18 ఏళ్లలోపు పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వర్తిస్తుంది, మగపిల్లలకు కూడా. మెసేజ్‌లు చెరిపేయకు. ఇంట్లో నమ్మే మనిషికి చెప్పు, 1098కి లేదా 112కి ఫోన్ చెయ్యి. విషయం తెలిసిన ఏ పెద్దవాళ్లయినా పోలీసులకు చెప్పి తీరాలి, దాచితే వాళ్లదీ నేరమే. ‘అకాడమీ పేరు పోతుంది’ అనేవాళ్లు ఎవరి పక్షమో ఆ మాటతోనే తెలిసిపోతుంది.

(అమ్మానాన్నలు) మేం ఏం అనాలి, ఏం అనకూడదు?

ఓడి వచ్చిన రోజు బస్సులో ఆట గురించి ఎత్తకండి. వాడు ఎత్తితే వినండి. ‘నీకోసం పొలం తాకట్టు పెట్టాం’ అన్నది నిజమే కావచ్చు, ఆ మాట మాత్రం పిల్లల కాళ్లకి బరువు కడుతుంది. సింధుతో పోల్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఓటమి అంటే ఏమిటో ఆ ఇంట్లో ముందే తెలుసు.

దిష్టి తీయించండి, మొక్కుకోండి, కాదనను. రెండు వారాలు దాటితే డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్లండి.

(కోచ్‌లు, పీఈటీలు) మేం ఏం గమనించాలి?

బాగా మాట్లాడే పిల్లాడు మౌనంగా అయిపోవడం, ఎప్పుడూ ముందొచ్చేవాడు లేటుగా రావడం. ఒకరోజు చూసి తేల్చకండి, పది రోజులు చూడండి. తర్వాత పక్కకి పిలిచి ‘ఏమైందిరా’ అని అడిగి, మాట్లాడేదాకా ఆగండి. హామ్‌స్ట్రింగ్ పట్టేసిన పిల్లాడిని ఎలా చూస్తారో అలాగే చూడండి. లోడ్ తగ్గించండి, నిపుణుడికి చూపించండి, మెల్లగా పెంచండి. ముఖ్యంగా, చెప్పినందుకు లిస్టులోంచి పేరు తీయకండి. ఒక్కసారి తీస్తే మిగతా పాతికమందీ మీకు ఇక ఎప్పుడూ ఏదీ చెప్పరు.

ఆట మానేయాలని ఉంది. మానేయొచ్చా?

మానేయొచ్చు. ఓడిన వారంలో గానీ, డాక్టర్‌ని కలవకముందు గానీ ఆ నిర్ణయం తీసుకోకు, అంతే. ముందు ఒక నెల సెలవు అడుగు. ఆ నెలలో ఆట మీద బెంగపడ్డావా, ఊపిరి పీల్చుకున్నావా చూసుకో. కొందరికి ఆట కాదు, ఆ హాస్టల్ పడదు. ఇంటి దగ్గర ఆడితే మళ్లీ బాగుంటారు. కొందరికి ఆటే అయిపోయింది.

మానేద్దామని తేల్చుకుంటే సంవత్సరం మధ్యలో కోపంతో పెట్టె సర్దుకుని వచ్చేయకు. పరీక్షలయ్యేదాకా ఆగగలిగితే ఆగు. టీసీ, స్టడీ సర్టిఫికెట్లతోపాటు ఆడిన ప్రతి మీట్ ఒరిజినల్ సర్టిఫికెట్ అడిగి తీసుకో, జిరాక్స్‌లు చేయించి పెట్టుకో. డిగ్రీ సీటుకీ, రేపు స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికీ అవే కావాలి, తర్వాత వెళ్లి అడిగితే దొరకడం కష్టం.